హంతకుడి పేరు ఏ నిమిషంలో చెప్పాలి?

పాత డిటెక్టివ్ సాహిత్యం మీద ఆడవాళ్లు కలిసి నడుపుకునే అభిమాన పాడ్‌కాస్ట్‌ల గురించి ఈ మధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ముగ్గురు స్నేహితురాళ్లం కలిసి మొదలుపెట్టాం. హంతకుడెవరో చెప్పకుండా మాట్లాడితే ఎపిసోడ్ చప్పగా ఉంటోంది. చెబితే నవల చదవనివాళ్లు కోప్పడుతున్నారు. మధ్యేమార్గం ఏదైనా ఉందా అండీ?

జవాబు: మధ్యేమార్గం వద్దు, గోడ కట్టండి. ఎపిసోడ్ మొదటి సగంలో నవల తొలి మూడో వంతు దాటి ఒక్క సంగతీ రాకూడదు. హత్య ఎవరిది, ఎక్కడ, ఇంట్లో ఎవరెవరున్నారు, పరిశోధించేది ఎవరు, రచయిత్రి రాసే తీరు ఎలాంటిది అన్నంత వరకే. రెండో సగంలో దాపరికం అక్కర్లేదు. మధ్యలో ఒకరు స్పష్టంగా "ఇక్కడి నుంచి గుట్టు విప్పుతున్నాం, చదవనివాళ్లు ఆపేయండి" అని చెప్పాలి. ఆ వెంటనే కనీసం పది సెకన్ల సంగీతం ఉండాలి. పాడ్‌కాస్ట్ వినేవాళ్ల చేతులు ఖాళీగా ఉండవు. పని ఆపి ఫోన్ అందుకునేందుకు ఆ పాటి వ్యవధి కావాలి.

చాలామంది ఈ గోడ కట్టి కూడా పక్క సందులోంచి గుట్టు జార్చేస్తారు. ఎపిసోడ్ పేరు, కింద రాసే పరిచయం, ఎపిసోడ్ భాగాలకు పెట్టే చాప్టర్ల పేర్లు అనే మూడు చోట్లా ముందు చూసుకోండి. రెండో సగం చాప్టర్‌కి "డాక్టర్ ఎందుకు చేశాడు" అని పేరు పెడితే ఎపిసోడ్ వినక ముందే కథ కంచికి చేరినట్టే. "రెండో భాగం" అని ఊరుకోండి. వీటన్నిటికన్నా ప్రమాదకరమైంది పోలిక. "ఇందులోనూ ఫలానా నవలలో చేసినట్టే చేసింది" అన్నారంటే ఒకే వాక్యంతో రెండు పుస్తకాలు చెడిపోయాయి. గుట్టు బయటపడే ఇతర నవలలు ఉంటే వాటి పేర్లు ఎపిసోడ్ మొదట్లోనే చదివేయండి. "ముగింపు చూసి దిమ్మ తిరిగిపోతుంది" అనడం కూడా ఒక రకం లీకే. ఆ మాట విన్న పాఠకురాలు అందరికన్నా అమాయకంగా కనిపించే పాత్రను మొదటి పేజీ నుంచే అనుమానిస్తుంది.

"ఇరవై ఏడో నిమిషం నుంచి గుట్టు" అని నిమిషాల లెక్క చెప్పకండి. ఎపిసోడ్లు దాచి శ్రోతలకు అందించే హోస్టింగ్ సంస్థ మధ్యలో ప్రకటనలు చొప్పించే పద్ధతి వాడితే ఒక్కో శ్రోతకు ఆ నిమిషం ఒక్కోలా జరుగుతుంది. "సంగీతం వినబడగానే" అంటే ఎవరికైనా ఒకటే గుర్తు. చాప్టర్ గుర్తులు పెట్టండి, కానీ వాటినే నమ్ముకోకండి. అన్ని యాప్‌లూ వాటిని చూపించవు.

ఇంకో రూపం కూడా ఉంది. ఎలరీ క్వీన్ పేరుతో 1929లో వచ్చిన తొలి నవలలోనే, ముగింపుకు ముందు కథ ఆపి "ఆధారాలన్నీ మీ ముందున్నాయి, హంతకుణ్ని మీరే పట్టండి" అని పాఠకుడికి సవాలు విసిరారు. మీరు కూడా అలాంటి చోట ఒక ఎపిసోడ్ ఆపి, శ్రోతల ఊహలు తెప్పించుకుని, వారం తర్వాత రెండోది వేయొచ్చు. ఇది ఆధారాలు నిజాయితీగా పరిచిన నవలలకే కుదురుతుంది. చివరి అధ్యాయంలో కొత్త సాక్షిని దించే నవలతో ఈ ఆట ఆడితే తిట్లు మీకే.

ప్రశ్న: నవల బాగానే చదువుతాం. మైకు ముందు కూర్చునేసరికి ఏ ఆధారం ఎక్కడ వచ్చిందో గుర్తుండదు. నోట్సు ఎలా రాసుకోవాలి?

జవాబు: రెండుసార్లు చదవండి. మొదటిసారి నోట్సు లేకుండా, మామూలు పాఠకురాలిలా చదివి, ప్రతి నాలుగైదు అధ్యాయాలకీ ఒకసారి ఎవరి మీద అనుమానం ఉందో ఒక్క వాక్యం రాసుకుంటే చాలు. ఆ వాక్యాలే రెండో సగంలో చర్చకు ముడిసరుకు. హంతకుడు తెలిశాక చదివేది రెండోసారి. అప్పుడు పట్టిక గీయండి. అందులో అయిదు గడులుంటాయి: అధ్యాయం సంఖ్య, ఆధారం, దాన్ని ఎవరు చూశారు, రచయిత దాన్ని ఎలా కప్పిపెట్టారు, ఏ అధ్యాయంలో వివరించారు.

నాలుగో గడి మీదే ఎపిసోడ్ నిలబడుతుంది. కప్పిపెట్టే పద్ధతులు మరీ ఎక్కువేం లేవు. అసలు వస్తువును పది వస్తువుల జాబితాలో ఆరోదిగా చెప్పడం, ఆధారం చెప్పిన మరుక్షణమే ఏదో గొడవ పెట్టి మన దృష్టి మళ్లించడం, నిజాన్ని ఎవరూ లెక్కచేయని పాత్ర నోట పలికించడం, జరగాల్సింది జరగకపోవడమే ఆధారం కావడం. చివరిదానికి పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ, లాయంలోంచి గుర్రం మాయమయ్యే 1892 నాటి షెర్లాక్ హోమ్స్ కథలోని కుక్క. లాయంలో కుక్క ఉందని ముందే చెప్పారు, అటక మీద పడుకున్న పనివాళ్లకు మెలకువ రాలేదనీ చెప్పారు. రెండూ వేర్వేరుగా పడి ఉంటాయి. వాటిని కలిపితే, కుక్క మొరగలేదంటే వచ్చినవాడు దానికి తెలిసినవాడేనని తేలుతుంది. పట్టికలో ఇవి రెండు వరుసలు కావాలి, ఒకటి కాదు. ఎంత దూరంలో పెట్టారో కనబడితేనే పనితనం గురించి మాట్లాడగలం.

పేజీ సంఖ్యలు రాసుకోకండి, ముద్రణ మారితే అవి మారతాయి. పుస్తకం పేరు కూడా సరిచూసుకోండి. బ్రిటన్‌లో, అమెరికాలో వేర్వేరు పేర్లతో వచ్చిన నవలలు చాలా ఉన్నాయి. అగాథా క్రిస్టీ 1934 నాటి "మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్" అమెరికాలో "మర్డర్ ఇన్ ది కాలే కోచ్"గా అచ్చయింది. "లార్డ్ ఎడ్జ్‌వేర్ డైస్" అక్కడ "థర్టీన్ ఎట్ డిన్నర్" అయింది. పరిచయంలో రెండు పేర్లూ ఇస్తే ఒకే పుస్తకం రెండుసార్లు కొనుక్కునేవాళ్లు తగ్గుతారు.

ఇంకో సంగతి. ఈ నవలలు వెనక్కి పేజీలు తిప్పుకునే పాఠకుడి కోసం రాసినవి. శ్రోతకు ఆ వసతి లేదు. పన్నెండు మంది అనుమానితుల పేర్లు ఒక్క గుక్కలో చదివితే అయిదో పేరు దగ్గరే చెవి మూసుకుంటుంది. ఒకేసారి నాలుగు పేర్లు మించనివ్వకండి. ప్రతి పేరుకీ చుట్టరికమో వృత్తో తగిలించి, పేరు వచ్చినప్పుడల్లా దాన్ని మళ్లీ చెప్పండి: "తమ్ముడు రోజర్", "నర్సు ఎల్సీ". రైళ్ల వేళల మీద నడిచే నవలైతే గంటలూ నిమిషాలూ అప్పజెప్పకుండా, "హత్యకు పావుగంట ముందు" అని ఒకే బిందువు నుంచి లెక్క చెప్పండి.

ప్రశ్న: మా గొంతులు కీచుగా వినబడుతున్నాయని శ్రోతలు రాస్తున్నారు. గొంతు బొంగురు చేసుకుని మాట్లాడాలా?

జవాబు: వద్దండీ. పది నిమిషాల్లో గొంతు నొప్పి పుడుతుంది, వినడానికీ ఎబ్బెట్టుగా ఉంటుంది. లోపం చాలాసార్లు గొంతులో ఉండదు, మైకులోనో ఎడిటింగ్‌లోనో ఉంటుంది. చౌక కండెన్సర్ మైకులు ఎనిమిది నుంచి పన్నెండు కిలోహెర్ట్జ్ దగ్గర ధ్వనిని ఎత్తి చూపిస్తాయి. ఆడవాళ్ల "స", "ష" అక్షరాల జోరంతా ఇంచుమించు ఆరు నుంచి తొమ్మిది కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఈ రెండూ కలిసినప్పుడు చెవిలో గుచ్చుకుంటుంది. డైనమిక్ మైకు అయితే ఈ బాధ తక్కువ, గదిలోని ప్రతిధ్వనిని కూడా అది తక్కువగా పట్టుకుంటుంది. ఉన్న మైకుతోనే సరిపెట్టుకోవాలంటే దాన్ని పెదవులకు పది పదిహేను సెంటీమీటర్ల దూరంలో, నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు, ముప్ఫై నలభై డిగ్రీల వాలులో పెట్టండి. "ప", "బ" అన్నప్పుడు వచ్చే గాలి దెబ్బ కూడా దీనితో తగ్గుతుంది.

ఎడిటింగ్‌లో జరిగే పొరపాటు ఇంకోటి. "రేడియో గొంతు" అన్న పేరుతో దొరికే రెడీమేడ్ అమరికల్లో చాలావరకు మగ గొంతుకు కట్టినవి. అవి 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర ధ్వని పెంచుతాయి. ఆడవాళ్ల గొంతు మూలధ్వని మామూలుగా 165 నుంచి 255 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే పెంచినచోట మీ గొంతే లేదు, పెరిగేది ఫ్యాను రొద. అందుకని 90, 100 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ వేసి కిందిదంతా కోసేయండి. నిండుదనం కావాలంటే 200 నుంచి 300 మధ్య రెండు డెసిబెల్స్ పెంచండి, అంతకు మించొద్దు. "స"కారాలకు డీ ఎస్సర్ వాడి మూడు నుంచి అయిదు డెసిబెల్స్ తగ్గించండి. పది తగ్గిస్తే నత్తి వచ్చినట్టుంటుంది. నాయిస్ రిడక్షన్ అతిగా వేస్తే నీళ్లలోంచి మాట్లాడినట్టు వస్తుంది, కాబట్టి రికార్డింగ్ వేళ ఫ్యాను కట్టేయడమే మేలు. తలుపు తీసిన బట్టల బీరువాకు ఎదురుగా కూర్చుంటే ప్రతిధ్వని తగ్గుతుంది.

ధ్వని స్థాయి సరిచూసేటప్పుడు "ఒకటి, రెండు, మూడు" అంటూ అంకెలు లెక్కపెట్టకండి, గట్టిగా నవ్వండి. స్నేహితురాళ్ల కబుర్లలో సూది ఎర్రగీత దాటేది నవ్వుల దగ్గరే. ఆ నవ్వు మైనస్ ఆరు డెసిబెల్స్ దాటకుండా, మామూలు మాట మైనస్ పన్నెండు చుట్టుపక్కల ఉండేలా పెట్టుకోండి. ఒకసారి పగిలిన ధ్వనిని ఎడిటింగ్‌లో పూర్తిగా అతికించడం కుదరదు.

ఇవన్నీ సరిచేశాక కూడా "ఆడ గొంతులు వినలేం" అని రాసేవాళ్లుంటే వాళ్ల కోసం చేయగలిగింది ఏమీ లేదు, చేయాల్సిందీ లేదు.

ప్రశ్న: ముగ్గురం మూడు ఊళ్లలో ఉంటాం. కాల్ రికార్డు చేస్తే మాటలు తెగిపోతున్నాయి. ఎవరికి వాళ్లం రికార్డు చేసుకుని కలిపితే, ఎపిసోడ్ చివరికి వచ్చేసరికి ప్రశ్న పూర్తికాకముందే జవాబు వస్తోంది!

జవాబు: ఎవరికి వారు రికార్డు చేసుకోవడమే సరైన పద్ధతి. చివర్లో వచ్చే తేడాకు కారణం పరికరాల గడియారాలు. రెండు పరికరాల్లో సెకను నిడివి అచ్చంగా ఒకటి కాదు. గంట రికార్డింగ్‌లో పదో వంతు సెకను తేడా రావడం మామూలే, సంభాషణ అతుక్కోకపోవడానికి అది చాలు. మొదట్లో ఒకసారి, చివర ఒకసారి ముగ్గురూ చప్పట్లు కొట్టండి. కాల్‌ని కూడా విడిగా రికార్డు చేసి ఉంచుకోండి. దాని నాణ్యతతో పనిలేదు, మూడు ట్రాకుల్నీ దాని పక్కన పెట్టి సరిచూసుకోవడానికి అది కొలబద్ద. తేడా కనబడితే ట్రాక్‌ను సాగదీయకండి. ప్రతి పది పదిహేను నిమిషాలకు ఒక మౌనం దగ్గర కోసి, కొద్దిగా జరపండి. చెవికి తెలియదు.

అందరూ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో (ఒకే ఛానెల్), వేవ్ ఫైలు అని ముందే ఒప్పుకోండి. గంటకు మనిషికి 520 ఎంబీ దాకా అవుతుంది, ఫోన్‌లో చోటు చూసుకోండి. ఒకరు 44.1లో రికార్డు చేసి, దాన్ని 48గా చదివితే అరవై నిమిషాల మాట యాభై అయిదు నిమిషాల్లో అయిపోతుంది, గొంతు కూడా సన్నబడుతుంది. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి, అవీ తీగ ఉన్నవే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మైకు వాడగానే ధ్వని టెలిఫోన్ స్థాయికి పడిపోతుంది. మొదలుపెట్టే ముందు పది సెకన్లు అందరూ మౌనంగా ఉండండి. ఆ గది నిశ్శబ్దమే తర్వాత కోతల మధ్య నింపడానికి పనికొస్తుంది.

ప్రశ్న: మా ముగ్గురి గొంతులూ ఒకేలా ఉన్నాయట. ఎవరు మాట్లాడుతున్నారో తెలియడం లేదంటున్నారు.

జవాబు: మొదటి అయిదు నిమిషాల్లో పేర్లు పెట్టి పిలుచుకోండి. తర్వాత పనులు పంచుకోండి: ఒకరు కథ చెబుతారు, ఒకరు ఆధారాలు చూస్తారు, ఒకరు ఆ కాలం సంగతులు చెబుతారు. గొంతు పోల్చుకోలేకపోయినా విషయాన్ని బట్టి మనిషి తెలుస్తుంది. గొంతుల్ని కుడి ఎడమలకు పూర్తిగా విడదీయకండి, ఒక్క చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేవాళ్లకు ఒకరు మాయమైపోతారు.

ప్రశ్న: నవల్లోని పేజీలు చదివి వినిపించొచ్చా? పాత పుస్తకాలే కదా.

జవాబు: పాతవైనంత మాత్రాన హక్కులు పోవు. భారతదేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, బ్రిటన్‌లో 70 ఏళ్లు హక్కులుంటాయి. అమెరికాలో ఆ కాలపు పుస్తకాలకు ప్రచురణ నుంచి 95 ఏళ్లు. క్రిస్టీ 1976లో పోయారు. అంటే ఇక్కడ 2036 చివరిదాకా, బ్రిటన్‌లో 2046 చివరిదాకా. ఆమె సృష్టించిన పెద్దావిడ డిటెక్టివ్ మిస్ మార్పుల్ కనిపించే, 1930లో వచ్చిన తొలి నవలకు అమెరికాలో హక్కులు 2025తో తీరిపోయినా, మీ పాడ్‌కాస్ట్ అన్ని దేశాల్లోనూ వినబడుతుందని మరిచిపోకండి. మరో బ్రిటిష్ డిటెక్టివ్ రచయిత్రి డొరొతీ సేయర్స్ 1957లో మరణించారు కనుక ఇక్కడ హక్కులు తీరాయి, బ్రిటన్‌లో 2027 చివరిదాకా ఉన్నాయి.

విమర్శ కోసం, పేరు చెప్పి, మాట్లాడుతున్న విషయానికి అవసరమైన కొన్ని వాక్యాలు చదవడం వేరు. మొత్తం అధ్యాయం చదవడం వేరు. ఇన్ని పదాల వరకు, ఇన్ని సెకన్ల వరకు ఫర్వాలేదన్న లెక్క చట్టంలో లేదు. "ముప్ఫై సెకన్ల పాట వాడుకోవచ్చు" అన్నది కూడా కట్టుకథే. టీవీ సీరియల్ సంగీతం జోలికి పోకండి. తెలుగు అనువాదం చదువుతుంటే అనువాదకుల హక్కు విడిగా ఉంటుంది.

పూర్తిగా చదివి వినిపించాలని ఉంటే ఇంకా వెనక్కి వెళ్లండి. ఆడవాళ్ల పాడ్‌కాస్ట్‌కు అక్కడ బంగారు గని ఉంది, ఎందుకో ఎవరూ తవ్వరు. అమెరికన్ రచయిత్రి ఆనా కాథరీన్ గ్రీన్ 1878లోనే "ది లీవెన్‌వర్త్ కేస్" రాశారు, అప్పటికి హోమ్స్ పుట్టలేదు. 1897 నవలలో ఆమె ప్రవేశపెట్టిన అమీలియా బటర్‌వర్త్, పక్కింటి వ్యవహారాల్లో తలదూర్చే పెళ్లికాని పెద్దావిడ. మిస్ మార్పుల్‌కు పెద్దక్క అనుకోండి. కాథరీన్ లూయిసా పర్కిస్ 1893, 94ల్లో రాసిన లవ్‌డే బ్రూక్ కథల్లో జీతానికి పనిచేసే మహిళా డిటెక్టివ్ ఉంది. చిన్న కథలు కనుక ఒక్కో ఎపిసోడ్‌కి ఒకటి సరిపోతుంది.

ప్రశ్న: ఆ నవలల్లో జాతుల గురించి, యూదుల గురించి రాసిన మాటలు చదివితే ఇబ్బందిగా ఉంటుంది. వదిలేయమంటారా?

జవాబు: వదిలేస్తే అబద్ధం చెప్పినట్టు. తిట్టును తిట్టుగా గట్టిగా చదవాల్సిన పనిలేదు, "ఇక్కడ ఒక జాతి తిట్టు ఉంది" అంటే సరిపోతుంది. ఎపిసోడ్ మొదట్లో హెచ్చరిక, పరిచయంలో ఒక వాక్యం పెట్టండి. ఏ ముద్రణ చదివారో చెప్పడం ఇక్కడ ముఖ్యం. క్రిస్టీ 1939 నవల ఒకటి బ్రిటన్‌లో జాత్యహంకార పదమున్న పేరుతోనే వచ్చింది, మరుసటి ఏడాది అమెరికాలో "అండ్ దెన్ దేర్ వర్ నన్" అయింది. లోపలి మాటలు కూడా ముద్రణలు మారేకొద్దీ మారాయి. మీరు చదివింది దిద్దిన ప్రతి అయితే, "ఇందులో అలాంటిదేం లేదే" అని తీర్పు చెప్పి నవ్వులపాలవుతారు.

డిటెక్టివ్ కథలకు బ్రిటిష్ రచయిత రోనల్డ్ నాక్స్ 1929లో రాసిన పది నియమాల్లో అయిదోది కథలో చైనా మనిషి ఉండకూడదనడం. ఆ కాలపు చౌకబారు కథలన్నిటా దుర్మార్గుడు చైనావాడే కావడం మీద అది ఎత్తిపొడుపు. ఆ సందర్భం చెప్పకుండా చదివితే తలకిందులుగా అర్థమవుతుంది. మిగిలిన తొమ్మిదీ ఎపిసోడ్ చివర మార్కులు వేయడానికి చక్కగా పనికొస్తాయి: దయ్యాలు పనికిరావు, ఒకటికి మించి రహస్య మార్గాలు కూడదు, ఎవరికీ తెలియని విషం వాడొద్దు వగైరా.

ప్రశ్న: క్రిస్టీ కనిపించకుండాపోయిన పదకొండు రోజుల మీద ఎపిసోడ్ చేద్దామనుకుంటున్నాం.

జవాబు: చేయండి, కానీ జరిగింది ఒక పక్క, ఊహలు ఒక పక్క పెట్టండి. 1926 డిసెంబర్ 3 రాత్రి ఇల్లు వదిలారు. మర్నాడు సర్రేలో కారు దొరికింది. డిసెంబర్ 14న హారొగేట్‌లోని హోటల్లో గుర్తుపట్టారు. అక్కడ ఆమె రాయించుకున్న ఇంటిపేరు నీల్, అది భర్త ప్రేమించిన స్త్రీ ఇంటిపేరు. ఇంతవరకూ రికార్డు. జ్ఞాపకం పోయిందన్నది భర్త చెప్పిన మాట. ప్రచారం కోసం చేసిందనీ, భర్త మీద కక్షతో చేసిందనీ అన్నవి ఇతరుల ఊహలు. ఆమె ఆత్మకథలో దీని ఊసే లేదు. ఎవరి మాటో చెప్పి ఊహించండి, లేకపోతే అది వదంతి.

ఇంతకన్నా మంచి ఎపిసోడ్ ఆమె మందుల గది గురించి చేయొచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో టార్కీ ఆసుపత్రి డిస్పెన్సరీలో పనిచేసి, 1917లో పరీక్ష పాసయ్యారు. విషాలమీద పట్టు అక్కడే వచ్చింది. తొలి నవలను మెచ్చుకున్నవాళ్లలో మందుల వృత్తివారి పత్రిక కూడా ఉంది.

ప్రశ్న: ఫైలు ఏ కొలతల్లో పెట్టాలి? మొదలుపెట్టేముందు ఎన్ని ఎపిసోడ్లు సిద్ధంగా ఉండాలి? ఇంకేమైనా జాగ్రత్తలు?

జవాబు: మోనో అయితే మైనస్ 19, స్టీరియో అయితే మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ స్థాయి (సగటు బిగ్గరతనం కొలత), ధ్వని దాటకూడని పైకప్పు మైనస్ ఒకటి డెసిబెల్. ఎంపీ3, మోనోకు 96 కేబీపీఎస్. ముప్పావుగంట ఎపిసోడ్ 32 ఎంబీ చుట్టూ వస్తుంది. 48 కేబీపీఎస్ కన్నా దిగితే "స"కారాలు ఈల వేస్తాయి. ముఖచిత్రం 3000 పిక్సెళ్ల చతురస్రం. దాన్ని గోరంత చేసి చూసి, పేరు చదవగలిగితేనే ఉంచండి.

పాడ్‌కాస్ట్‌కు విడిగా ఈమెయిల్ తెరవండి. ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌లో (యాప్‌లకు ఎపిసోడ్లు చేరవేసే జాబితాలో) రాసిన ఈమెయిల్ ఎవరైనా చూడగలరు, సొంతది పెడితే తర్వాత వెనక్కి తీసుకోలేరు. ఫోన్ నంబరు ఇవ్వకండి. ఉత్తరాలు చదివే పని వంతులవారీగా పెట్టుకుని, అసభ్యమైనవాటిని ఆ వంతు మనిషే తొలగించి దాచిపెట్టాలి, మిగతా ఇద్దరికీ చూపించనక్కర్లేదు. హోస్టింగ్ ఖాతా తాళం కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. ఒకరు తప్పుకున్నప్పుడు ఫీడ్ కూడా పోయిన పాడ్‌కాస్ట్‌లు చాలా ఉన్నాయి. హోస్టింగ్ మారితే పాత చిరునామా నుంచి 301 మళ్లింపు (శాశ్వతంగా కొత్త చిరునామాకు పంపడం) అడిగి పెట్టించుకోండి, లేదంటే పాత శ్రోతలకు కొత్త ఎపిసోడ్లు చేరవు.

రెండు వారాలకొకటి చొప్పున మొదలుపెట్టండి. నవల రెండుసార్లు చదవడం, పట్టిక, రికార్డింగ్, ఎడిటింగ్ అన్నీ వారంలో కావు. మూడు ఎపిసోడ్లు ఒకేసారి విడుదలకు, మరో రెండు చేతిలో అట్టిపెట్టుకోవడానికి. అట్టిపెట్టినవి చిన్న కథల మీదైతే, ఎవరికైనా గొంతు పట్టేసిన వారం వాటిలో ఒకటి వదలొచ్చు.